మక్క రైతుకు పసుపు వంతు

పంటను వాన ముంచుతుంది, తెగులు ముంచుతుంది. నా పసుపును మాత్రం నా తెలివే ముంచింది. ఎలాగో చెబుతాను, నవ్వు ఆపుకోనక్కర్లేదు.

ఆర్మూర్‌లో లెక్కల మాస్టారుగా ఉంటూనే పసుపు వేసేవాణ్ణి. పసుపు ఉడకబెట్టే బాయిలర్ నలుగురం కలిసి కొన్నాం: నేను, రాజన్న, గంగారెడ్డి, నర్సయ్య. ఆ ఏడు నర్సయ్య మొక్కజొన్న వేశాడు; మిగతా ముగ్గురి పసుపూ ఒకేసారి తవ్వాం. పైన మబ్బు. ముందు ఎవరిది ఉడకాలి?

"చిట్టీలు తీస్తే అయిపాయె గదా సారూ!" అన్నాడు రాజన్న.

"చిట్టీలంటే అదృష్టం. మనకు న్యాయం గావాలె," అన్నాను నేను.

"గట్లైతే చేతులెత్తుదాం," అన్నాడు గంగారెడ్డి.

"ఎవని చెయ్యి వానికే లేస్తది. అందరం నలుగురికీ మార్కులేద్దాం! మొదటోనికి నాలుగు, రెండోనికి మూడు, తర్వాత రెండు, ఆఖరోనికి ఒకటి. మొత్తం ఎక్కువొచ్చినోనిదే మొదలు ఉడకాలె."

ఓటు పద్ధతుల మీద పుస్తకం నేను చదివి అప్పటికి వారమైంది. అంటే ఆ జ్వరం పూర్తిగా తగ్గలేదన్నమాట.

"నేనీసారి మక్కేసిన. ఓటెయ్యను, నా పేరు గూడ తీసేయుండ్రి," అన్నాడు నర్సయ్య.

"ఓటు నీ ఇష్టం. భాగస్తుని పేరు మాత్రం తీసుడు లేదు. గది సూత్రం!"

మార్కులు రాసిన చీటీలు విప్పాం. ముగ్గురమూ ఎవరికి వారం నాలుగు వేసుకున్నాం. గట్టి పోటీదారులను కిందికి తొక్కాం. పసుపే లేని అమాయకుడికి మూడు మార్కులు పడేశాం. నేనూ అంతే, నా దగ్గర దాచేదేముంది! మూడు మూళ్ళతో నర్సయ్య ఫస్టు. మిగతా ఇద్దరూ నాకు చెరొక్క మార్కే వేయడంతో మాస్టారు లాస్టు.

"మస్తు న్యాయం సారూ! బాయిలర్ల మక్కలు ఉడకవెడ్తడా?" రాజన్న పగలబడి నవ్వాడు.

నర్సయ్య మాత్రం నవ్వలేదు. ఫోన్ తీశాడు. "బామ్మర్దీ, మీ ఊరు ఏర్గట్ల నుంచి నీ పసుపు ట్రాక్టర్ల పంపు. మొదటి నంబర్ మనదే."

"ఏయ్! పసుపు నీదై ఉండాలె!"

"గా ముచ్చట మీ సూత్రాలల్ల యాడుంది సారూ?"

ఎక్కడా లేదు. బావమరిది ట్రాక్టర్లు మాత్రం వరసగా వచ్చాయి. నా వంతు కంటే ముందే వానా వచ్చింది. చివరికి మార్కెట్‌లో వ్యాపారి వానకు తడిసి రంగు పోయిన నా పసుపు కొమ్మును వేళ్ళతో తిప్పి చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు: "సారూ, గిది పసుపా, అల్లమా?"

ఆ క్షణమే, అదే కొమ్ము చేతబట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరికీ రెండో స్థానం ఇవ్వను. ఇవ్వాల్సే వస్తే, వాడికి పసుపుందా అని కాదు, బావమరిది ఉన్నాడా అని కనుక్కుని ఇస్తాను.