పూతరేకులో మందు

గుండెజబ్బు వచ్చాక మా వారికి రాసిన మందుల్లో ఒకటి క్యాప్సూల్. దాని తొడుగు పశువుల ఎముకల జిగురుతో చేస్తారని ఎవరో చెప్పారు. వేదం చదివిన ఇల్లు. దాన్ని ముట్టనన్నారాయన.

మా అత్తగారు ఉపాయం ఆలోచించారు. ఆత్రేయపురం నుంచి ఉత్త పూతరేకులు తెప్పించారు. రోజూ తొడుగు విప్పి, పొడిని చిన్న రేకు ముక్కలో పోసి, అంచులు తడిపి, బొటనవేలితో నొక్కి ఇచ్చేవారు.

"నెయ్యీ బెల్లం లేని పూతరేకు తినేవాణ్ణి ఈ కోనసీమలో నేనొక్కణ్ణే," అనేవారాయన.

"డాక్టరు గారిని ఓ మాట అడుగుదామండీ అత్తయ్యగారూ," అన్నాను.

"అడగడానికేముందమ్మాయ్? మా చిన్నప్పుడు యానాంలో మందులిలాగే ఇచ్చేవోరు. కాషే అనేవోరు."

నేను డాక్టరు గారిని అడగనేలేదు. మొన్న శీతాకాలంలో ఆయన పోయారు.

అప్పట్నుంచీ నాకొకటే అనుమానం: విప్పడం వల్ల మందు పనిచెయ్యకుండా పోయిందేమో. కాషే అన్న మాట కూడా ఆవిడ కల్పించిందే అనిపించింది. నిఘంటువు తీశాను. మాట ఉంది. ఫ్రెంచి మాటే. నొక్కడం అనే అర్థమున్న పాత క్రియ నుంచి పుట్టి, ముందు ముద్ర అయింది. తరవాత, చేదు మందు పొడిని లోపల పెట్టి అంచులు అతికించిన పిండి రేకుల బిళ్ళకు ఆ పేరు వచ్చింది. ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఆ రోజుల్లో కాషేలో పోసింది కాషే కోసం నూరిన పొడి. క్యాప్సూల్ విప్పి పొయ్యవచ్చని ఏ నిఘంటువు చెబుతుంది?

ఖాళీ అయిన మందు అట్ట సంచీలో వేసుకుని అమలాపురంలో డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పాను.

"కొన్ని విప్పకూడదమ్మా. ఇది విప్పినా నష్టం లేదు. మీరు మనసులో ఏం పెట్టుకోకండి," అన్నారాయన.

అట్ట ఇంకా నా సంచీలోనే ఉంది. ఆ మందు ఆయనకు గుర్తుండే అన్నారో, నా ముఖం చూసి అన్నారో తెలియలేదు. అట్ట బయటికి తియ్యకుండానే లేచి వచ్చేశాను.

వీధి అరుగు మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. ఎక్కడికి వెళుతున్నానో ఆవిడకు నేను చెప్పలేదు.

"ఏమన్నారే డాక్టరు గారు?"

"విప్పినా నష్టం లేదన్నారండి."

"ఆయ్," అన్నారు. "మందు పేరు చూసే చెప్పేరా?" అని అడిగారు.

"చూసే చెప్పేరండి," అన్నాను.

ఆవిడ నా ముఖం మీంచి చూపు తిప్పలేదు.