రెండు కుర్చీల ఓపల్

మా కోర్టులో ఓపల్ స్టిడమ్‌కి రెండు కుర్చీలు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కిటికీ దగ్గర కుర్చీలో కూచుంటే ఆవిడ గుమాస్తా. ఒంటిగంట నుంచి గోడవారన కుర్చీలో కూచుంటే పర్యవేక్షణ అధికారి. అంటే, కేసు తేలేదాకా జైల్లో పెట్టకుండా వదిలినవాళ్ళని ఓ కంట కనిపెట్టే మనిషి. బొగ్గు గనులు మూతపడ్డ ఈ కెంటకీ కొండల్లో రెండు పనులకి ఇద్దర్ని పెట్టే స్తోమత ఎవడికుంది?

అధికారికి చెప్పుకున్న గోడు కోర్టు ఫైల్లోకి పోకూడదని, కోర్టుకి కావలసిన ముక్క మాత్రం చీటీ మీద రావాలని రూలు. అందుకని ఎవడైనా ఇల్లు మారానంటే ఓపల్ గోడ కుర్చీలో కూచుని చీటీ రాసి ట్రేలో వేసేది. తర్వాత లేచి, నాలుగడుగులు నడిచి, కిటికీ కుర్చీలో కూచుని, ఆ చీటీనే తీసి చదువుకుని కోర్టు ఫైల్లో ఎక్కించేది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. "నీకు నువ్వే ఉత్తరాలు రాసుకుంటావేం ఓపల్, జవాబు కూడా ఇచ్చుకుంటావా?" అని జడ్జి రాట్లిఫ్ ఆటపట్టించేవాడు. ఆయనతో పాటు తనూ నవ్వేది గానీ ఒక్క చీటీ మానలేదు, వరదలొచ్చిన ఆ ఏప్రిల్ దాకా.

ఆర్లిస్ నేపియర్‌ది రాగి తీగ కేసు. మూతపడ్డ గనిలో తీగ కోసి అమ్మాడని. వాగు పొంగి వాళ్ళ రేకుల ఇల్లు కొట్టుకుపోతే, తండ్రి హోబర్ట్‌ని ఎత్తుకుని లోయ పైన మేనత్త ఇంట్లో చేరాడు. హోబర్ట్ ముప్పయ్యేళ్ళు బొగ్గు తవ్వినవాడు. ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే. ముక్కుకి గొట్టం పెట్టుకుని మంచాన పడ్డాడు.

"ఇల్లు పోయింది, మిస్ ఓపల్," అన్నాడు ఆర్లిస్ ఆ సోమవారం హాజరు వేయించుకోడానికొచ్చి. "నాన్న ఇంక రోజుల్లోకి వచ్చేశాడంది నర్సు. నేను పక్కన లేకపోతే భయపడిపోతాడు. చెయ్యి వదలడు."

ఓపల్‌కి ఏడుపొచ్చింది. ఆవిడ తండ్రీ ఆ రోగంతోనే పోయాడు మరి. కొత్త చిరునామా తన పుస్తకంలో రాసుకుంది. విచారణ ఇరవై నాలుగున అని గుర్తుచేసింది. చీటీ మాత్రం రాయలేదు. నాకు తెలిసిందేగా, మళ్ళీ నాకు నేను చెప్పుకోవడమేమిటి అనుకుంది. ఖర్మ కాకపోతే, ఆ బుద్ధి ఆ రోజే పుట్టాలా?

మర్నాడు జడ్జికి అడవి టర్కీ కోళ్ళ వేట మొదలవుతోందని గుర్తొచ్చింది. కేసులన్నీ వారం ముందుకి, పదిహేడో తారీకు సోమవారానికి జరిపేశాడు. ఓపల్ కిటికీ కుర్చీలో కూచుని పదకొండు నోటీసులు టైపు కొట్టి, అలవాటు చొప్పున కోర్టు ఫైళ్ళలో ఉన్న చిరునామాలకి పంపేసింది. ఆర్లిస్ నోటీసు ఏటిపాలైన ఇంటికి వెళ్ళింది.

పదిహేడు పొద్దున వసారాలోకొచ్చి ఆర్లిస్ పేరు మూడుసార్లు పిలిచింది ఆవిడే. పలికేవాడు లేడు. జడ్జి వారంటు అన్నాడు, అదీ ఆవిడే టైపు కొట్టింది. పన్నెండింటికి జడ్జి తుపాకీ బండిలో వేసుకుని కొండెక్కాడు. ఒంటిగంటకి, ఎప్పట్లాగే, హాజరు కోసం ఆర్లిస్ వచ్చాడు. గుమ్మంలోనే పోలీసు బేడీలు వేశాడు.

"ఇరవై నాలుగన్నారు కదా, మిస్ ఓపల్?"

"మారింది. నోటీసు పంపాం."

"నాకేం రాలేదు."

"అందరూ అనేది అదే," అంది ఓపల్. పంతొమ్మిదేళ్ళుగా ఆ మాట విని విని చెవులు కాయలు కాశాయి.

"మా నాన్నకి ఎవరు చెప్తారు?" అన్నాడు ఆర్లిస్. ఆవిడ హాజరు పుస్తకంలో తర్వాతి పేరు చూసుకుంది.

బుధవారం పదింటికి టపాలో ఆ కవరు తిరిగొచ్చింది. అక్కడ ఇల్లే లేదని పోస్టువాడు రాశాడు. చిరునామా చూడగానే ఓపల్‌కి తను రాయని చీటీ గుర్తొచ్చింది. అప్పటికప్పుడు లేవాల్సింది. లేవలేదు. ఇంకో పద్నాలుగు నెలలు నెట్టుకొస్తే పెన్షను. కవరుని టిఫిను డబ్బా కింద దూర్చి తేలు కుట్టిన దొంగలా కూచుంది. పదకొండయింది. పన్నెండయింది. తిందామని డబ్బా ఎత్తితే కవరు మీద ఆర్లిస్ పేరు కనిపించింది. తన తండ్రి పోయినప్పుడు చెయ్యి పట్టుకుని తను పక్కనే ఉంది. డబ్బా మూత తీయకుండానే విడుదల కాగితం టైపు కొట్టి, లేచి కారు తాళాలు అందుకుంది.

కొండ మీద జడ్జి ఆకు రంగు బట్టల్లో ఓ చెట్టు మొదట నక్కి ఉన్నాడు.

"కోళ్ళని బెదరగొట్టావు కదే ఓపల్."

"తప్పు నాది జడ్జిగారూ. చీటీ రాయలేదు. ఆ పిల్లాడు జైల్లో ఉన్నాడు, తండ్రి పోయేలా ఉన్నాడు. నా ఉద్యోగం తీసెయ్యండి, ముందు దీనిమీద సంతకం పెట్టండి."

జడ్జి ఆవిడ మొహంలోకి చూసి, బండి ముందు రేకు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

జైలు రెండు కౌంటీల అవతల. కాగితాలు, తాళాలు, బట్టలు, బెల్టు తిరిగివ్వడం. ఆర్లిస్‌ని కారెక్కించుకున్నాక చీటీ సంగతి, కవరు తిరిగొచ్చిన సంగతి ఆవిడే చెప్పింది. అతను తిట్టలేదు. "కాస్త తొందరగా పోనివ్వండి," అన్నాడంతే.

అయిదున్నరకి చేరారు. మేనత్త వాకిట్లో నిలబడి ఉంది. లోపల ఆక్సిజన్ యంత్రం చప్పుడు లేదు.

"నాలుగింటికి పోయాడురా," అంది. "పొద్దుట్నుంచీ తలుపుకేసే చూశాడు. ఆర్లిస్ వచ్చాడా, ఆర్లిస్ వచ్చాడా అని."

తర్వాతి సోమవారం ఒంటిగంటకి ఆర్లిస్ మళ్ళీ వచ్చాడు. కేసు ఇంకా తేలలేదు, రాక తప్పదు. ఫారంలో ఉన్నవి ఆవిడకీ అడక్క తప్పదు.

"చిరునామా మారిందా?"

"లేదు."

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం," అన్నాడు. "ఈసారి చీటీ రాయండి."

ఓపల్ రాసింది. ట్రేలో వేసింది.

"ఆ కవరు ఎన్నింటికొచ్చింది, మిస్ ఓపల్?"

అబద్ధమాడొచ్చు. ఎవరూ చూడలేదు.

"పదింటికి."

"మీరు బయల్దేరింది?"

"పన్నెండింటికి."

అయిదున్నరలోంచి రెండు తీస్తే ఎంతో ఆర్లిస్‌కీ తెలుసు, ఆవిడకీ తెలుసు. హాజరు కాగితం ముందుకి లాక్కుని సంతకం పెట్టాడు.

"వచ్చే సోమవారం కూడా మీ దగ్గరికేనా రావాలి?"

"నా దగ్గరికే."

"ఇంకెవరూ లేరా?"

ఓపల్ ఖాళీగా ఉన్న కిటికీ కుర్చీ వైపు చూసింది.

"లేరు ఆర్లిస్," అంది.