యాకోబు మాటలు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసే హనుమంతరావు గారి రెండో అమ్మాయి భావన. ఇంట్లో అందరూ కామర్స్ చదివితే ఆమె చెన్నైలో ఒక విశ్వవిద్యాలయంలో సౌండ్ టెక్నాలజీలో చేరింది. "మైకుసెట్ల షాపు పెడతావా అమ్మా?" అని తండ్రి నవ్వాడు కానీ అడ్డు చెప్పలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకి కొల్లేరు పక్షుల అరుపులు రికార్డు చేయాలనుకుంది. ఆటపాక దగ్గర యాకోబు అనే పడవాయన దొరికాడు. పొద్దున్నే గెడకర్రతో పడవ నెట్టుకుంటూ గూడబాతుల గుంపుల దాకా తీసుకువెళ్ళేవాడు. మనిషి మంచివాడే కానీ నోరు ఊరుకోదు.

"ఇందులో నా మాట కూడా పడుద్దాండీ?" అని మైకు చూపించి అడిగాడు.

"పడుతుందండీ."

"అయితే మా ఆవిడకి ఓసారి వినిపించాలండీ. నేను ఇంట్లో పలకనని ఒకటే గొడవ."

తప్పకుండా పంపిస్తానని చెప్పి భావన తన నంబరు ఇచ్చింది. ఇక యాకోబు ఆగలేదు. తుఫానులో పడవ పోయిన సంగతి, పసితనంలోనే పోయిన కొడుకు సంగతి, అన్నీ చెప్పుకొచ్చాడు. రికార్డింగు పాడవుతోందని ఆమె లోలోపల విసుక్కుంది.

హాస్టలుకి వెళ్ళాక ఆ మాటలన్నీ కోసేసింది. డిస్కులో చోటు చాలక అసలు రికార్డింగులు కూడా చెరిపేసింది. మిగిలిన పక్షుల సవ్వడి అందరికీ నచ్చింది. దాన్ని విన్న హైదరాబాదు స్టూడియో ఒకటి ఉద్యోగమిచ్చింది. సీరియళ్ళకీ సినిమాలకీ సౌండ్ చేస్తూ ఆమె పేరు తెచ్చుకుంది. యాకోబుకిచ్చిన మాట మరచిపోయింది.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"నేను యాకోబు గారి భార్య కృపమ్మనండీ. ఆయన పోయారండీ, గుండెపోటు. మీ మిషన్లో బోలెడు మాట్లాడానని చెప్పేవారు. ఆ గొంతు ఒక్కసారి వినాలనుందండీ."

భావన గబుక్కున "వెతికి పంపిస్తానండీ" అనేసింది.

వెతికితే దొరకదని తెలిసి కూడా పాత డిస్కులోంచి చెరిపినవి తిరిగి తీయించాలని చూసింది. ఏమీ రాలేదు. "చిన్న ముక్క ఉన్నా ఆ గొంతుతో ఎన్ని మాటలైనా కంప్యూటర్లో తయారుచేయొచ్చు" అన్నాడు తోటి ఇంజనీరు జయంత్. ఒక్క క్షణం ఆశపడింది. ఆశపడినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. అయినా ఆ చిన్న ముక్క కూడా ఆమె మిగల్చలేదు. కృపమ్మ మళ్ళీ చేసినప్పుడల్లా ఫోను ఎత్తకుండా ఊరుకుంది.

చివరికి సెలవు పెట్టి ఏలూరులో రైలు దిగి ఆటపాక వెళ్ళింది. కృపమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. భావన నిలబడే చెప్పింది. "నేనే చెరిపేశానండీ. అప్పుడు అవి అడ్డమనిపించాయి. క్షమించండి."

కృపమ్మ చేతులు ఆగాయి.

"ఫోన్లోనే చెప్పేయాల్సిందండీ. వస్తాదని రోజూ చూశాను."

"పక్షులవి మాత్రం ఉన్నాయండీ, వింటారా?"

"పక్షుల్ని రోజూ వింటానే ఉంటామండీ."

"పోనీ, ఆయన గురించి మీరు చెప్పండి. రికార్డు చేసి..."

"వద్దండీ" అంది కృపమ్మ నెమ్మదిగా. "నా మాట నాకెందుకండీ?"

అయినా టీ పెట్టి ఇచ్చింది. ఆ టీ తాగుతుంటే భావనకి ఏడుపొచ్చింది. కృపమ్మ చూసి, చూడనట్టు మళ్ళీ వల అందుకుంది.

ఇప్పటికీ భావన అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కృపమ్మ ఎత్తుతుంది. "బాగున్నారాండీ?" అంటుంది. అంతకు మించి ఏమీ మాట్లాడదు.