కొబ్బరికాయ తెచ్చిన మారుమనసు

ఆ రోజుల్లో నేనేం చదువుతున్నానో మా ఊళ్లో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. పోనీ అర్థం కాలేదని ఎవరైనా అడిగేరా అంటే అదీ లేదు. మా రాజోలు వైపు మనుషులకి మర్యాద ఎక్కువ. ఎదుటివాళ్లు చెప్పేది బుర్రకెక్కకపోయినా "ఆయ్, అలాగాండీ" అని తలూపి, వెళ్లేటప్పుడు నాలుగు బొండాలు చేతిలో పెట్టి మరీ పంపిస్తారు. "తలకి దెబ్బ తగిలేక మెదడులో వచ్చే వాపు మీద పరిశోధన చేస్తున్నానండి" అని నేను చెప్పడం ఆలస్యం, "మా అమ్మాయి మెదడు డాక్టరండి" అని మా అమ్మ దాన్ని చర్చి మెట్ల మీదే తేల్చేసేది. "నేను డాక్టర్ని కాదే అమ్మా, ఎలకల మీద పని చేస్తాను" అంటే, "ఎలకలకి నయం చేసేదానివి మనుషులకి చెయ్యలేవా ఏంటి?" అనేది. (నేను ఎలకలకి నయం చెయ్యడం మాట దేవుడెరుగు, ముందు వాటికి దెబ్బ కొట్టేదాన్నే నేను. ఆ ముక్క బయటపడితే నన్ను చర్చిలో ప్రభువు బల్ల రొట్టెకి రానిచ్చేవారు కాదేమో.)

నా చదువు సంగతి కాస్తో కూస్తో తెలిసినవాడు మా పెదమావయ్య ఒక్కడే. అమ్మకి అన్నయ్య, రిటైరైన హెడ్మాస్టరు. ఊరంతా చాటుగా కారం మాస్టారు అనేవారు. కాఫీ చల్లారినా కోపమే, కాలినా కోపమే. పేపరు ఎవరైనా ముందు విప్పితే ఆ పూట ఇంట్లో ప్రళయమే. ఆదివారం ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, ముందు బల్ల మీద కూర్చుని, చేతి గడియారం పాస్టరుగారికి కనపడేలా పైకెత్తేవాడు. "ఎలక నెత్తిన కొట్టి, అదెందుకు తూలుతోందో చూడ్డానికి బెంగుళూరు పోవాలా? మీ అత్తయ్య రోజూ చీపురు తిరగేసి కొడుతోంది, దీనికి స్కాలర్‌షిప్పు ఇవ్వరేం?" అని నన్ను ఏడిపించేవాడు. అలాగని వద్దన్నాడా! నాకు లెక్కలు నేర్పింది ఆయన. "ఆడపిల్లని అంతదూరం పంపించను" అన్న మా నాన్నతో దెబ్బలాడి, పెట్టె మోసుకొచ్చి నన్ను రైలెక్కించిందీ ఆయనే. ఆయన తిట్టకుండా గడిచిన సెలవులు నాకు సెలవుల్లా ఉండేవి కావు.

ఆ వేసవిలో నేను వచ్చి, మా పక్కనే ఉన్న మావయ్య ఇంటికి వెళ్లేసరికి ఆయన గుమ్మంలో నిలబడి, "రా తల్లీ, ఎండన పడి వచ్చేవు, కాళ్లు కడుక్కో" అన్నాడు. ఎవరినంటున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. నా వెనకాల ఎవరూ లేరు. లోపల అత్తయ్య మొహం చూస్తే కొత్త పెళ్లికూతురిలా వెలిగిపోతోంది. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి, సంగతంతా గుసగుసగా చెప్పింది. కిందటి నెల కొబ్బరి దింపు జరుగుతుంటే మావయ్య అలవాటు ప్రకారం చెట్టు కిందే నిలబడి, "ముదరని గెల ముట్టుకున్నావో, చూడు" అని పైనున్న మనిషి మీద కేకలేస్తున్నాడట. తెగిన గెలలోంచి ఒక కాయ పక్క చెట్టు మట్టకి తగిలి, జారి, ఈయన నెత్తికి రాసుకుంటూ పడిందట. కాసేపు అక్కడే చతికిలపడి, లేచి, సాయంత్రం దాకా అందర్నీ తిట్టి, హాయిగా భోంచేసి పడుకున్నాడట. బొప్పి తగ్గిపోయింది. ఆ తరవాత కొన్నాళ్లకి మనిషి మెత్తబడుతూ వచ్చేడు. "మొన్న చల్లారిన కాఫీ ఇస్తే బాగుందన్నారే! నన్ను పేరు పెట్టి పిలిచేరు. ఇన్నేళ్ల కాపరంలో 'ఏయ్' అనే కదా పిలిచేరు!" అంటూ కళ్లొత్తుకుంది.

ఆ ఆదివారం అత్తయ్య చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పేసింది. "నా భర్త కోపం గురించి మీరంతా ఎన్నేళ్లు ప్రార్థన చేశారో నాకు తెలుసండి. ప్రభువు కొబ్బరికాయ రూపంలో ఆయన్ని తాకేడండి. మారుమనసు ఇచ్చేడండి." అందరూ "స్తోత్రం" అన్నారు. మావయ్య కూడా అన్నాడు, చిరునవ్వుతో. ఆ చిరునవ్వు చూస్తే నాకు మాత్రం ఆ కాయ దెబ్బ మీద అనుమానం పుట్టింది.

ఎందుకంటే, మా ల్యాబులో దెబ్బ తగిలిన ఎలకల్ని సన్నటి చెక్క మీద నడిపించి చూస్తాం. బయటికి బాగానే ఉన్నట్టు కనిపించే ఎలక, మెదడులో వాపు ఉంటే, ఆ చెక్క మీద ఒక పక్క కాలు జార్చేస్తుంది. మావయ్య ఇంటికీ తోటకీ మధ్య బోదె కాలవ మీద వంతెనగా ఒక కొబ్బరి దుంగ ఉంది. రోజూ పొద్దున్నే పంచె ఎగ్గట్టి దాని మీద దొరలా నడిచి వెళ్లేవాడు. మర్నాడు నేను, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, అరటిచెట్ల వెనక నక్కి మా సొంత మేనమామ కాళ్లని ఎలక కాళ్లు చూసినట్టు చూశాను. నాలుగడుగులు వేశాడో లేదో ఎడమకాలి చెప్పు ఊడి బోదెలో పడింది. ఆయనకి తెలియనే లేదు. ఇంకో అడుగు, ఎడమకాలు జారింది, మనిషి దభీమని నడుం లోతు నీళ్లలో! నేను కెవ్వుమని పరిగెత్తేను. ఆయన నీళ్లలో నిలబడి నా వంక చూసి, "ఫర్లేదమ్మా, చల్లగా బాగుంది" అన్నాడు. ఓరి దేవుడో! పూర్వపు మావయ్యైతే దుంగనీ, బోదెనీ, ఇరిగేషన్ డిపార్ట్‌మెంటునీ, నన్నూ కలిపి తిట్టి ఉండేవాడు. నాకు ఏడుపొచ్చేసింది.

ఇంటికొచ్చి, "మావయ్యకి తలలో రక్తం కారుతోందేమో, స్కానింగు తియ్యాలి" అన్నాను. ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. "మెదడు డాక్టర్వని ఊరంతా చెప్పుకున్నాను. నువ్వేమో బాగుపడ్డ మనిషిని బాగాలేదంటావు" అని మా అమ్మ. అత్తయ్య మాత్రం పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఇన్నాళ్లకి నాతో నెమ్మదిగా మాట్లాడేరే. అది కూడా జబ్బేనంటావా?" అంది. నేను చూసినవన్నీ ఎలకలే. అవి పెళ్లాల్ని ఏమని పిలిచేవో ఏ పుస్తకంలోనూ లేదు. పోనీ ఆయన్నే అడుగుదామంటే, నేను వెళ్దామంటే "ఆయ్, నీ ఇష్టం", అత్తయ్య వద్దంటే "ఆయ్, నీ ఇష్టం". మా వైపు "ఆయ్" వింటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆ రోజు మాత్రం విన్నకొద్దీ నాకు ఒళ్లు మండిపోయింది, భయంతో.

ఆ సాయంత్రం పాస్టరుగారు ప్రార్థనకి వచ్చేరు. మారుమనసు పొందిన మనిషిని కళ్లారా చూసుకుందామని పాపం ఆయన ఉత్సాహం. మావయ్య ఆయన్ని కూర్చోబెట్టి, "పాస్టరుగారూ, నిన్నటి మీ ప్రసంగం అద్భుతంగా ఉందండి. తొందరగా ముగించేశారు. ఇంకో గంట చెప్పాల్సింది" అన్నాడు. పాస్టరుగారు టీకప్పు కింద పెట్టేశారు. మొహం పాలిపోయింది. మెల్లగా లేచి నన్ను వసారాలోకి పిలిచేరు. "అమ్మా, నా ప్రసంగం సంగతి నాకు తెలుసు. ఇది దేవుడి పని కాదు. నేను కారు తెస్తాను, మీ అత్తయ్యగారికి నేను చెబుతాను, పద."

అమలాపురంలో స్కాను తీసిన డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించేరు. పుర్రెకీ మెదడుకీ మధ్య కుడిపక్కంతా పాత రక్తం నిలవుంది. దాని చుట్టూ పుట్టిన పొర వాచి, మళ్లీ మళ్లీ రక్తం ఊరుస్తోంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఆ మంచితనంలోనే కళ్లు మూసేవాడట. అటునుంచి అటే రాజమండ్రి తీసుకెళ్లేం. ఆపరేషను గది బయట బెంచీ మీద అత్తయ్య నా పక్కకి జరిగి, "మళ్లీ తిడతారంటావా?" అంది. "తిట్టాలనే ప్రార్థన చెయ్యి అత్తయ్యా" అన్నాను. పాస్టరుగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, మాస్టారి కోపం మాస్టారికి తిరిగి ఇయ్యి" అన్నారు. అత్తయ్యే ముందుగా "ఆమేన్" అంది.

మర్నాడు పొద్దున్న తల నిండా కట్టుతో మావయ్యని మంచం మీద ఆనించి కూర్చోబెట్టేరు. ఏం చెప్పినా తలూపుతున్నాడు. మేం ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూస్తున్నాం. అత్తయ్య ఫ్లాస్కులోంచి కాఫీ వొంచి ఇచ్చింది. ఒక గుక్క తాగేడు. ఆగేడు. గ్లాసులోకి చూశాడు.

"ఏయ్! ఇది కాఫీయా, కుడితా? గేదెలక్కూడా ఇంతకన్నా వేడిగా పెడతారు!"

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. పాస్టరుగారు రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం!" అని వార్డంతా వినపడేలా అరిచేరు. మావయ్య నావైపు తిరిగి, "నీకేం వచ్చింది, నువ్వూ ఏడుస్తున్నావేం? బెంగుళూర్లో ఎలకలన్నీ చచ్చేయా?" అన్నాడు. అంత కమ్మటి తిట్టు నేను జన్మలో వినలేదు.

ఆ మంచితనపు రోజులేవీ ఆయనకి గుర్తులేవు. అత్తయ్య కూడా ఎప్పుడూ గుర్తు చెయ్యలేదు. కానీ ఇంటికొచ్చేక ఒక రోజు, పేపరు ఎవరో ముందు విప్పేరని ఇల్లు పీకి పందిరేసి, అలిసిపోయి, వీధి అరుగు మీద కూర్చుని ఆమెని పేరు పెట్టి పిలిచేడు. ఒక్కసారే, మెల్లగా. పిలిచి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. నేను వినలేదన్నట్టు చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నాను.

ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది. ఇప్పుడు హైదరాబాదులో నాకో ల్యాబుంది. వాచిన ఆ పొర మీదే నా పని. ఈ మధ్య ఒకరోజు మా స్టూడెంటు తెచ్చిన రిపోర్టు చదివి, ఏ లోకంలో ఉన్నానో, "బాగా రాశావు తల్లీ" అన్నాను. ఆ పిల్ల మంచినీళ్ల గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, "మేడమ్, ఏమీ అనుకోకండి, ఎక్కడైనా తలకి తగిలిందాండీ?" అంది.

"నీ మొహం! మూడో పేజీలో గ్రాఫు తలకిందులుగా ఉంది, కనపడలేదా? పో, సరిచేసి తీసుకురా!" అని అరిచేను.

"అమ్మయ్య" అనుకుంటూ వెళ్లిపోయింది.