మూడు ఫైళ్లలో ఒక్క మార్పు

మసర్రత్‌కు కంప్యూటర్లు అలవాటైంది శంషాబాద్‌లో వాళ్లన్న నడిపిన జిరాక్స్ దుకాణంలో. 2012 నాటికి ఆమె విమానాశ్రయం దగ్గర ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తోంది. సరుకు గోదాముల్లో పెట్టెలు తూచి, వాటికి స్టిక్కర్లు ముద్రించే ప్రోగ్రాం వాళ్లది.

గోదాములో ఒక కాటా మారితే దాని పేరును మూడు ఫైళ్లలో మార్చాలి. ఒకటి కాటా పక్కనున్న కంప్యూటర్లో, ఒకటి ప్రింటరుకు, ఇంకొకటి సర్వర్లో. ఏ ఒక్కటి మరిచినా ఈ బల్ల మీద తూచిన పెట్టె స్టిక్కరు ఇంకో బల్ల మీద వస్తుంది. షిఫ్టు ఇన్‌ఛార్జి గోవర్ధన్‌ది కొత్వాల్‌గూడ. ఆ మార్పులన్నీ అతనే చేత్తో చేసేవాడు. ఎందుకు మార్చాడో తర్వాతి షిఫ్టువాళ్ల కోసం ఫైల్లోనే ఇంగ్లిషు అక్షరాలతో తెలుగులో రాసిపెట్టేవాడు: ఈ కాటా వానాకాలం సతాయిస్తది, జర చూసుకోండ్రి.

ఒకే తెర మీద పేరు మారిస్తే మూడు ఫైళ్లూ మారేలా మసర్రత్ ఒక టూల్ తయారుచేసింది. మొదటిసారి అది ఫైళ్లను మొత్తంగా తిరగరాసింది. సెట్టింగులు సరిగ్గానే ఉన్నాయి. గోవర్ధన్ రాతలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

"ఇయ్యాల నా రాతలు తుడిచింది. రేపు నన్నే తుడుస్తది," అన్నాడతను, నవ్వకుండా.

గోదాము మేనేజరు శివశంకర్ ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. మళ్లీ తేడా వస్తే పాత పద్ధతే అని ముందే చెప్పాడు. నెలల తరబడి చేసిన పని మూలనపడుతుందని మసర్రత్‌కు అర్థమైంది. ఈసారి, మార్చాల్సిన వరుస తప్ప మరో అక్షరం ముట్టకుండా టూల్‌ను మళ్లీ రాసింది. మూడు ఫైళ్లలో ఏ ఒక్కటి కుదరకపోయినా మిగతావి ఉన్నట్టే ఉండాలి.

కొత్త కాటా వచ్చిన మధ్యాహ్నం, పక్క బల్లల మీద మందుల పెట్టెలు కదులుతుండగా, ఆమె బటన్ నొక్కింది. తెర మీద వచ్చింది: ప్రింటరు ఫైలును ఇంతలో ఎవరో మార్చారు. అందుకే ఏ ఫైలూ మార్చలేదు.

శివశంకర్ ఆమె వైపు చూశాడు. గోవర్ధన్ తన కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"నేనే మార్చిన చెల్లె. నీది ఆగిపోతే పెట్టెలు ఆగొద్దని, ముందుగాల్నే చేత్తో పెట్టిన."

మసర్రత్ మిగతా రెండు ఫైళ్లూ తెరిచింది. ఏమీ మారలేదు. ప్రింటరు ఫైల్లో గోవర్ధన్ పెట్టిన కొత్త పేరు అలాగే ఉంది. పాత టూల్ అయితే దాన్నీ చెరిపి తనది రాసేసేది. ఆమె టూల్‌తో ఫైళ్లను మళ్లీ చదివించింది. ఒకటి ముందే మారింది, రెండు మారాలి అని చూపింది తెర. నొక్కింది. మొదటి స్టిక్కరు కొత్త కాటా పక్కనే వచ్చింది. ఆ బల్ల దగ్గరివాడు అతికించి పెట్టెను ముందుకు తోశాడు. వాడికి ఇక్కడ ఏం జరిగిందో తెలియదు.

శివశంకర్ ఇక ఇదే వాడమని చెప్పి వెళ్లిపోయాడు. గోవర్ధన్ మూడు ఫైళ్లూ పైనుంచి కిందిదాకా చదివాడు.

"పక్క గోదాముల కాటా గూడ ఇయ్యాలనే మార్చేద్దామా?" అన్నాడు చివరికి.

మసర్రత్ కుర్చీలోంచి లేచింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"నువ్వే నొక్కన్నా," అంది. "నేను జర తినొస్త."