నైరుతిలో ఇంకుడు గుంత

మా అమ్మకు పామంటే భయం లేదు, పోలీసంటే భయం లేదు. నైరుతి మూల గొయ్యి అంటే మాత్రం పై ప్రాణాలు పైకే పోయేవి. ఆ గొయ్యిని నాచారంలో మా సొంత ఇంట్లోనే తవ్వించాను నేను.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. నాయిన పోయాక అమ్మను తీసుకుని జనగామ వైపు నుంచి పట్నం వచ్చేశాను. ఉప్పల్‌లో ఒక ఫ్యాక్టరీలో కుదురుకుని, పెళ్లి చేసుకుని, కిరాయి ఇళ్లలో బిందెలు పట్టుకుని ట్యాంకర్ల వెంట పరుగెత్తి విసిగిపోయి, చివరికి చిన్న ప్లాటులో ఇల్లు మొదలుపెట్టాను. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. పర్మిషన్ కోసం పోతే చుట్టూ ఖాళీ వదలాలన్నారు, చెట్లు పెట్టాలన్నారు, వాన నీళ్లు రోడ్డు పాలు కాకుండా ఇంకుడు గుంత తవ్వాలన్నారు. మా కాలనీలో చాలామంది గుంత తవ్వి, పక్కన నిలబడి ఫొటో దిగి, మర్నాడే మట్టి పోసేసేవారు. నాకు ఆ దొంగ పని నచ్చలేదు. బోరు ఎండిన ఇంట్లో బతికినవాడికి నీళ్ల విలువ ఇంకొకరు చెప్పాలా?

చిక్కల్లా ప్లాటు వాలుతో వచ్చింది. ఈశాన్యం మెరక, నీళ్లన్నీ నైరుతి మూలకే పారతాయి. ఇంకెక్కడైనా తవ్వవచ్చా అని అమ్మ ముందే మేస్త్రీని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"వానకు వాస్తు తెల్వదన్నా. అది పల్లం జూస్కొని పోతది."

నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు.

"నైరుతిల గొయ్యి యజమానిని మింగుతది కొడుకా. చెంగిచెర్లల మన చుట్టపాయన గట్లనే తవ్విచ్చిండు. ఏడాది తిరగలే. మంచిగున్న మనిషి, పొద్దుగాల ఛాయ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పాయె."

"ఆయనకు షుగరుండె, బీపీ ఉండె, పొద్దుగూకితే సీసా ఉండె. గుంతనా ఆయన్ని మింగింది?"

"నువ్వు మస్తు సదువుకున్నవ్ తీ," అని కొంగు దులుపుకుని లేచిపోయింది.

గుంత తవ్వారు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక పోశారు. గృహప్రవేశం నాడు కూడా అమ్మ ఆ మూలకు పోలేదు. ఆ తర్వాత రోజూ నేను డ్యూటీకి బయలుదేరితే గేటు దాకా వచ్చేది, తిరిగి వచ్చేసరికి అక్కడే నిలబడి ఉండేది. కాస్త ఆలస్యమైతే ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేనేమన్న చిన్న పోరన్నా? గిట్ల నిలబడితే నలుగురు నవ్వుతరు" అని కసిరేవాణ్ణి. కసిరి, చెప్పులు విప్పుతూ ఆ మూల వైపు ఒకసారి చూసేవాణ్ణి. ఎందుకు చూస్తున్నానో అని నామీద నాకే చిరాకు పుట్టేది.

ఒక ఆదివారం అందరం అన్నం తింటుంటే అమ్మ ఉన్నట్టుండి అంది.

"ఇల్లు నా పేరు మీద రాయి."

నోటి దాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. నా భార్య మజ్జిగ గిన్నె ఠక్కున కింద పెట్టింది. ఎందుకని అడిగితే అమ్మ చెప్పదు. "రాయమన్న, రాయి. గంతే."

గదిలోకి రాగానే నా భార్య అందుకుంది. "మనమేం తక్కువ జేసినమని? ఎవరో ఎక్కిస్తున్నరు ఆమెకు. రేపు మీ చెల్లెకు ఇస్తే, పిల్లల్ని పట్టుకొని మనం యాడికి పోవాలె?" కాదని గట్టిగా అనలేకపోయాను. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ మాత్రం చెవిలో జోరీగలా అదే పాట. నేను విననట్టే తిరిగేవాణ్ణి.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం ఉప్పల్ నుంచి ఇంటికి వస్తున్నాను. రోడ్డంతా నీళ్లు, నీళ్ల కింద గుంత కనబడలేదు. బండి ఒకవైపు, నేను ఒకవైపు పడ్డాం. వెనక వస్తున్న లారీ కీచుమని ఆగింది. తల తిప్పితే టైరు చెవి పక్కన ఉంది. డ్రైవర్ దిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. లేచి బండిని పక్కకు లాగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు పెళ్లాం పిల్లలు గుర్తు రాలేదు. నైరుతి మూల గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి గుంత గుడగుడమని వాన నీళ్లు తాగుతోంది. లోపలికి వస్తూనే అన్నాను, "రేపే దాంట్ల మట్టి పోయిస్త."

అమ్మ నా మోచేతి నెత్తురు చూసి "అవ్వో!" అని, పరుగున పోయి పసుపు తెచ్చి అద్దింది.

"పూడ్వకు కొడుకా. ఎండకాలం గూడ మన బోరు ఆగలే. పిల్లలకు బిందెల ఫికర్ తప్పింది. ఇల్లు నా పేరు మీద రాయి, సాలు."

"మళ్ల గదేనా? ఏం జేస్కుంటవే ఇల్లు?" అని అరిచాను.

"అది మింగేది యజమానిని గద. యజమాని నేనైత. ఇగ నీకేం గాదు."

వంటింటి గడప మీద నిలబడి ఉన్న నా భార్య అక్కడే కూలబడి "అత్తమ్మా" అని భోరుమంది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని తనే అంది, "రాసియ్యున్రి. మీరు గివన్ని నమ్మరు గద. మనకు పోయేదేముంది? ఆమె పానం నిమ్మలమైతది."

నిజమే. నమ్మనివాడికి పోయేదేముంది? సరేనన్నాను.

వాన తెరిపిచ్చిన రోజు చూసి అమ్మను బండి మీద రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకుపోయాను. పెళ్లికి పోతున్నట్టు పట్టుచీర కట్టింది. ఆఫీసు బయట కాగితాలు రాసే అతను అంతా టైపు చేయించి, నేను సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు. చదివాను. ఇక నుంచి ఈ ఇంటికి సర్వహక్కుదారు అని అమ్మ పేరు రాసి ఉంది. పక్క బెంచీ మీద అమ్మ అప్పటికే బొటనవేలికి సిరా పూయించుకుని, చీరకు అంటకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుంది.

"యాడ పెట్టాలె కొడుకా?" అంది. ఎన్ని నెలలకో ఆమె ముఖంలో నవ్వు చూశాను.

పెన్ను కింద పెట్టేశాను. "లేవమ్మా, ఇంటికి పోదాం."

"ఏమైంది? కాయితం ఏమన్న తక్కువైందా?"

"ఆఁ, తక్కువైంది."

నా రుమాలుతో ఆమె వేలు తుడిచాను. సిరా ఒక పట్టాన వదల్లేదు. బండి వెనక కూర్చుని దారంతా నన్ను తిడుతూనే వచ్చింది.

వాస్తు గీస్తు నేను నమ్మనని ఇప్పటికీ అందరితో అంటాను. నిజంగా నమ్మనివాణ్ణయితే ఆ రోజు సంతకం పెట్టేవాణ్ణి. ఇల్లు ఇంకా నా పేరు మీదే ఉంది.