ఊపిరి తెంపని కేక

సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి నీళ్లలో ఫెయిలవుతానని కలలో కూడా అనుకోలేదు. మాది నిజాంపట్నం. ఊపిరి బిగబట్టి మునగడంలో ఇక్కణ్ణుంచి సూర్యలంక దాకా నన్ను మించినవాడు లేడని నా పొగరు. ఆ పొగరే నా కొంప ముంచింది.

రెండువేల మూడో నాలుగో, విశాఖలో జలాంతర్గామి శిక్షణ. అది పాడై అడుగున చిక్కుకుపోతే ఎలా బయటపడాలో నేర్పడానికి మూడంతస్తుల లోతు నీళ్ల ట్యాంకు ఉండేది. అడుగునున్న గదిలోంచి బయటికొచ్చి పైకి తేలాలి, అంతే. కానీ అడుగున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. అందుకని దారి పొడుగునా ఊపిరి వదులుతూనే ఉండాలి. బిగబడితే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. నేనేమో నీళ్లు తగలగానే బిగబట్టేవాణ్ణి. రెండుసార్లూ కాపలా డైవరు ఊపిరి వదిలేలా పొట్టలో ఒక్క గుద్దు గుద్ది, పక్కనున్న గాలి గదిలోకి లాగేశాడు. సోమవారం మూడోసారి, ఆఖరిసారి. అదీ పోతే జలాంతర్గామి ఆశ వదులుకోవాల్సిందే. భయంతో అన్నం సహించలేదు.

మా బ్యాచ్‌లో తెనాలి దర్జీగారబ్బాయి ఒకడు. నేవీలో చేరేదాకా కాలవలో కూడా దిగనివాడు, మొదటిసారే గట్టెక్కాడు. నాకు ఒళ్లు మండింది. శనివారం సెలవు పెట్టించి నన్ను ఊరికి లాక్కొచ్చింది కూడా వాడే. తెనాలిలో వాళ్లమ్మ పెట్టిన టిఫిన్ తిని రేపల్లె రైలెక్కాం. మా అమ్మ రేపల్లె వీధుల్లో గంపతో చేపలు అమ్మేది.

"చందువలోయ్, మాగలోయ్, రొయ్యలోయ్, కానాగంతలోయ్..."

వీధి మొదట్లో ఎత్తుకున్న కేక చివరిదాకా తెగలేదు. వాడు నిలబడిపోయాడు.

"ఒరేయ్, నువ్వు ట్యాంకులో చెయ్యాల్సింది ఇదేరా! పిన్నీ, వీడికి ఆ కేక నేర్పండి."

అమ్మ ఎందుకని కూడా అడగలేదు. గంప నా నెత్తిన పెట్టింది.

"మధ్యలో తెంపమాకు. తెంపావంటే వంటింట్లో ఉన్నోళ్లకి వినపడదు."

బడికెళ్లే రోజుల్లో ఆ కేక వినబడితే సందు మార్చుకుని పోయినవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోతూనే మూడు వీధులు అరిచాను. ఆగినప్పుడల్లా వాడు పొట్టలో పొడిచాడు, అచ్చం డైవరులాగే.

సోమవారం గది నీళ్లతో నిండింది. తలుపు దాటాను. బిగబట్టబోయి, తమాయించుకుని, "చందువలోయ్" అని మొదలుపెట్టాను. మొహం చుట్టూ బుడగలే. డైవరు చెయ్యెత్తి, మళ్లీ దించేశాడు. తల బయటపడేసరికి నోట్లో ఇంకా "గంతలోయ్" మిగిలి ఉంది. గట్టు మీద బ్యాచంతా ఈలలు. తెనాలివాడు "రొయ్యలు తాజాయేనా అండీ?" అని అరిచి, వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

సాయంత్రం మా ఇంటి పక్క కొట్టుకి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను. పాసయ్యానని చెప్పాను.

"మధ్యలో తెంపలేదు గదా?"

"తెంపలేదమ్మా."



"అయితే నా గొంతే వచ్చిందిలే నీకు," అంది.